మాట ఆగిపోయినా మనిషి ఆగిపోలేదు

"ఆయనకేమీ తెలియడం లేదు సిస్టర్. ఏదడిగినా ఊ అనడు, ఆ అనడు." పక్షవాతం వచ్చినవారిని చూసుకునే నర్సులు తరచుగా వినే మాట ఇది. బంధువులు ఈ మాటను మంచం పక్కనే నిలబడి, రోగి వింటూ ఉండగానే అంటారు. వారి మనసులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. మాట రాని మనిషికి తెలివి కూడా లేదనుకోవడం మనందరికీ అలవాటైపోయింది.

కానీ మాట్లాడలేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్ల చాలా నష్టం జరుగుతుంది. నొప్పి ఎక్కడుందో చెప్పుకోలేక రోగి రాత్రంతా బాధపడతాడు. ఆపరేషన్ గురించి అతనితో ఒక్క ముక్క చెప్పకుండా కొడుకు చేత సంతకం పెట్టిస్తారు. ఇంటి విషయాలు, పొలం విషయాలు అతని ముందే మాట్లాడుకుంటారు గాని అతని అభిప్రాయం ఎవరూ అడగరు. బ్రతికి ఉన్న మనిషి తన జీవితంలో తానే ప్రేక్షకుడిగా మిగిలిపోతాడు.

మాట పోయినవారి కోసం విద్యార్థులు తయారుచేసిన పరికరాల గురించి ఈమధ్య పత్రికలలో, టీవీలో వార్తలు వస్తున్నాయి. "మనసులోని మాటను చదివే యంత్రం" అని వాటికి పేరు పెడుతున్నారు. అవి చూసి రోగుల బంధువులు "అది ఎక్కడ దొరుకుతుందమ్మా? ఎంత అవుతుంది?" అని అడుగుతున్నారు. ఆ పరికరాలు నిజంగా ఏమి చేస్తాయి, ఎవరికి ఉపయోగపడతాయి, ఎవరికి ఉపయోగపడవు, అవి మన దగ్గరకు వచ్చేలోగా మనం ఏమి చేయవచ్చు అన్న విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మాట ఎలా పుడుతుంది?

"నీళ్లు కావాలి" అని అనడం మనకు చాలా సులువు. అయితే ఆ రెండు మాటలు బయటకు రావాలంటే శరీరంలో పెద్ద ప్రయాణమే జరగాలి.

మొదట మెదడులో కోరిక పుడుతుంది. దానికి తగిన మాటలను మెదడులోని భాషా కేంద్రాలు వెతికి, వరుసలో పెడతాయి. చాలామందిలో ఈ కేంద్రాలు మెదడు ఎడమ భాగంలో ఉంటాయి. తరువాత కండరాలను నడిపించే భాగం నుంచి ఆజ్ఞ బయలుదేరి, మెదడు కాండం గుండా నరాలలోకి దిగుతుంది. ఆ నరాలు ముఖానికి, నాలుకకు, గొంతుకు, దవడకు వెళతాయి. ఊపిరితిత్తులు గాలిని పైకి నెడతాయి. స్వరపేటికలోని స్వరతంతువులు కంపిస్తాయి. నాలుక, పెదవులు, అంగిలి కలిసి ఆ శబ్దాన్ని అక్షరాలుగా మలుస్తాయి. ఒక మాట పలకడానికి దాదాపు 100 కండరాలు కలిసి పనిచేస్తాయని చెబుతారు.

ఈ దారిలో ఎక్కడ తెగినా మాట ఆగిపోతుంది. పైకి అందరూ ఒకేలా మౌనంగా కనిపిస్తారు గాని, తెగిన చోటు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది.

పక్షవాతంలో భాషా కేంద్రం దెబ్బతింటే వచ్చేది అఫేసియా. ఇందులో మాటలే దొరకవు, లేదా ఒక మాట అనబోయి మరో మాట వస్తుంది. కొందరిలో ఎదుటివారి మాట అర్థం కావడం కూడా కష్టమవుతుంది. కండరాలకు వెళ్లే నరాలు బలహీనపడితే వచ్చేది డిసార్త్రియా. ఇందులో మాటలు మనసులో చక్కగానే ఉంటాయి, పలకడం మాత్రం ముద్దముద్దగా ఉంటుంది. మోటార్ న్యూరాన్ వ్యాధిలో నరాలు క్రమంగా చచ్చిపోతూ, చివరకు మాట పూర్తిగా పోవచ్చు. ఈ జబ్బులో బాగా తెలిసిన రకాన్ని ఎ.ఎల్.ఎస్. అంటారు. గొంతు క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసినవారిలో మెదడు, నరాలు, నాలుక అన్నీ బాగానే ఉంటాయి, గొంతు మాత్రం ఉండదు.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు ఒక రోగి గురించి వివరించారు. ఏమడిగినా ఆ రోగి నోటివెంట "టాన్" అన్న ఒక్క శబ్దమే వచ్చేది. కానీ ఎదుటివారు చెప్పేది అతనికి అర్థమయ్యేది. చనిపోయిన తరువాత పరీక్షిస్తే అతని మెదడు ఎడమ ముందుభాగం దెబ్బతిని ఉంది. మాట పోయినంత మాత్రాన తెలివి పోదని డాక్టర్లు 160 ఏళ్ల క్రితమే గమనించారు. ఈ సంగతి ఇంకా మన ఇళ్లలోకి పూర్తిగా రాలేదు.

విద్యార్థులు చేసిన పరికరాల కిటుకు కూడా ఇక్కడే ఉంది. దారి ఎక్కడ తెగిందా అని మాత్రమే వారు చూడలేదు. ఎంతవరకు బాగుందో చూశారు. బాగున్న చివరి చోటు దగ్గర మాటను అందుకునే ప్రయత్నం చేశారు.

దవడ దగ్గర మాటను పట్టుకోవడం

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని అందరూ ఎం.ఐ.టి. అంటారు. అక్కడి మీడియా ల్యాబ్‌లో పైచదువు చదువుతున్న భారతీయ విద్యార్థి అర్ణవ్ కపూర్, తోటి విద్యార్థులతో కలిసి 'ఆల్టర్ ఈగో' అనే పరికరాన్ని తయారుచేశారు. వారికి మార్గదర్శి ప్రొఫెసర్ ప్యాటీ మేస్. దీని గురించి 2018లో ప్రపంచానికి తెలిసింది.

మొదటి నమూనా చెవికి తగిలించుకుని, దవడ వెంట గడ్డం వరకు వచ్చే తెల్లని పట్టీలా ఉండేది. దాని లోపలివైపు చర్మాన్ని తాకే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మనం ఇ.సి.జి. తీసేటప్పుడు ఛాతీ మీద అంటించే లీడ్లను తలచుకోండి. ఇ.సి.జి. గుండె కండరంలోని విద్యుత్తును పసిగడుతుంది. ఈ పరికరం ముఖం, దవడ, గొంతు కండరాలకు వచ్చే సన్నని విద్యుత్ సంకేతాలను పసిగడుతుంది.

మాట్లాడని మనిషి దవడలో సంకేతాలు ఎక్కడి నుంచి వస్తాయి అని మీరు అడగవచ్చు. మీరు ఈ వాక్యాన్ని పెదవి కదపకుండా మనసులోనే గట్టిగా చదువుకుని చూడండి. లోపల ఒక గొంతు వినిపిస్తుంది కదా. అలా లోలోపల చదువుకునేటప్పుడు కూడా మెదడు మాట్లాడే కండరాలకు చిన్నచిన్న ఆజ్ఞలు పంపుతుంది. కండరం కదిలినట్టు కంటికి కనిపించదు. కానీ విద్యుత్తు మాత్రం అక్కడికి చేరుతుంది.

ఆ విద్యార్థులు మొదట 16 ఎలక్ట్రోడ్లను ముఖం మీద వేర్వేరు చోట్ల పెట్టి, ఒకే మాటలను మళ్లీ మళ్లీ లోలోపల అనుకోమని చెప్పి చూశారు. చివరకు 7 చోట్ల నుంచి నమ్మదగిన సంకేతాలు వస్తున్నాయని తేలింది. ఏ మాటకు ఏ రకమైన సంకేతం వస్తుందో కంప్యూటరుకు నేర్పించారు. జవాబు వినడానికి చెవిలో ఏదీ పెట్టుకోనక్కరలేదు. ఎముక ద్వారా శబ్దం లోపలి చెవికి చేరేలా అమర్చారు.

10 మందితో ఒక పరీక్ష చేశారు. ఒక్కొక్కరికి సుమారు 15 నిమిషాలు పరికరాన్ని అలవాటు చేసి, తరువాత 90 నిమిషాల పాటు లెక్కలు చేయించారు. వారు లోలోపల అనుకున్న అంకెలను, గుర్తులను యంత్రం సగటున 92 శాతం సరిగా గుర్తించింది. అయితే ఒక్కో పనికి వాడిన మాటలు దాదాపు 20 మాత్రమే అని గుర్తుంచుకోవాలి. పైగా వారంతా ఆరోగ్యవంతులు.

రోగుల సంగతి ఏమిటి? ఆ బృందం తరువాత మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వల్ల గొంతు దెబ్బతిన్న ముగ్గురితో పనిచేసింది. శబ్దం చేయకుండా నోటిలోనే 15 వాక్యాలను, ఒక్కొక్కటి 10 సార్లు చొప్పున పలకమన్నారు. ఏ వాక్యం పలికారో యంత్రం సగటున 81 శాతం సరిగా చెప్పగలిగింది. ముగ్గురు రోగులు, 15 వాక్యాలు. ఇది చిన్న పరీక్షే. కానీ జబ్బు ఉన్నవారి ముఖం నుంచి కూడా మాటను అందుకోవచ్చని అది చూపించింది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఇది మనసును చదివే యంత్రం కాదు. తలలో తిరిగే ఆలోచనలు, రహస్యాలు, భయాలు దీనికి తెలియవు. మనిషి కావాలని లోలోపల పలికిన మాటే దవడకు చేరుతుంది, దానినే యంత్రం పట్టుకుంటుంది. కనుక "అది పెట్టుకుంటే మా ఇంటి గుట్టంతా బయటపడుతుందేమో" అన్న భయం అక్కరలేదు. 2020లో టైమ్ పత్రిక ఆ సంవత్సరపు ఉత్తమ ఆవిష్కరణల జాబితాలో దీనిని చేర్చింది. 2025 సెప్టెంబరులో ఇదే పేరుతో ఒక కంపెనీని ప్రకటించారు.

ఊపిరితో మాట్లాడిన పానిపట్ విద్యార్థి

ఖరీదైన ప్రయోగశాల ఉంటేనే ఇలాంటివి సాధ్యమని అనుకోకండి. హర్యానాలోని పానిపట్‌లో స్కూలులో చదువుకుంటున్న అర్ష్ షా దిల్‌బాగీ అనే 16 ఏళ్ల విద్యార్థి 2014లో 'టాక్' అనే పరికరాన్ని తయారుచేసి, గూగుల్ సైన్స్ ఫెయిర్ తుది పోటీ వరకు వెళ్లాడు.

అతని ఆలోచన ఇది. కాళ్లు చేతులు కదలకపోయినా, మాట రాకపోయినా, చాలామంది రోగులు ఊపిరిని కొంతవరకు తమ అదుపులో ఉంచుకోగలరు. పూర్వం టెలిగ్రాఫ్ ఆఫీసులో చిన్న మోత, పెద్ద మోతలతో అక్షరాలను పంపేవారు కదా. దానిని మోర్స్ కోడ్ అంటారు. అదే విధంగా చిన్న ఊపిరి, పెద్ద ఊపిరి వదిలితే, ముక్కు కింద ఉండే చిన్న మైక్ దానిని అందుకుంటుంది. పరికరం ఆ గుర్తులను అక్షరాలుగా, మాటలుగా మార్చి కృత్రిమ స్వరంతో పలుకుతుంది. దీనికి 100 డాలర్లలోపే ఖర్చవుతుందని అప్పట్లో పత్రికలు రాశాయి.

నర్సుగా చూస్తే దీనిలో మంచి, పరిమితి రెండూ కనిపిస్తాయి. ఖర్చు తక్కువ, ఆపరేషన్ అక్కరలేదు. కానీ మెడకు ట్యూబు వేసి వెంటిలేటరు మీద ఉన్న రోగికి గాలి ముక్కు నుంచి రాదు కనుక ఇది పనికిరాదు. ఆయాసం ఉన్నవారికి ఊపిరితో ఒక్కొక్క అక్షరం చెప్పడం అలసట. మోర్స్ కోడ్ నేర్చుకునే ఓపిక కూడా కావాలి. ఒక పరికరం మంచిదా కాదా అని అడగడం కన్నా, ఈ రోగికి ఇది సరిపోతుందా అని అడగడం మేలు.

మెదడు నుంచి నేరుగా

ముఖం కూడా కదలని వారి మాటేమిటి? అప్పుడు సంకేతాన్ని మెదడు దగ్గరే అందుకోవాలి. మెదడుకు, కంప్యూటరుకు మధ్య వేసే ఈ వంతెనకు ఆంగ్లంలో 'బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్' అని పేరు. దీనిలో రెండు మార్గాలున్నాయి.

ఒకటి, తల పైన ధరించేది. మూర్ఛ రోగులకు ఇ.ఇ.జి. తీయడం మీలో కొందరు చూసే ఉంటారు. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు నుంచి ఇలా విద్యుత్ తరంగాలను నమోదు చేశారు. 1988లో అమెరికాలో ఫార్వెల్, డాంచిన్ అనే పరిశోధకులు ఈ తరంగాలతోనే అక్షరాలు రాయించారు. తెర మీద అక్షరాల గడులు ఉంటాయి. వాటి వరుసలు ఒకటి తరువాత ఒకటి మెరుస్తాయి. రోగి తనకు కావలసిన అక్షరం మీద మనసు పెడతాడు. ఆ అక్షరం ఉన్న వరుస మెరిసినప్పుడు మెదడులో ఒక ప్రత్యేకమైన తరంగం లేస్తుంది. దాన్నిబట్టి కంప్యూటరు అక్షరాన్ని గుర్తిస్తుంది. కోత లేదు, కుట్టు లేదు. అయితే పుర్రె ఎముక దాటి వచ్చే సంకేతం బాగా మసకబారుతుంది. గోడ అవతల గుంపు మాట్లాడుతుంటే గోల వినిపిస్తుంది గాని మాటలు తెలియవు కదా, అలాగే. అందుకే ఈ పద్ధతి నెమ్మదిగా సాగుతుంది.

రెండవది, పుర్రె తెరిచి మెదడులోనే ఎలక్ట్రోడ్లు పెట్టేది. ఇది విద్యార్థులు చేసే పని కాదు, పెద్ద ఆస్పత్రులలో పరిశోధనగా జరుగుతున్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఎ.ఎల్.ఎస్. వల్ల స్పష్టంగా మాట్లాడలేకపోయిన ఒక మహిళతో నిమిషానికి 62 మాటలు చెప్పించగలిగామని 2023లో ప్రకటించారు. ఆంగ్లంలో మామూలు సంభాషణ నిమిషానికి 160 మాటలు ఉంటుంది. అయితే పెద్ద పదజాలంతో వాడినప్పుడు ప్రతి నాలుగు మాటలలో దాదాపు ఒకటి తప్పు వచ్చింది. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వారు ఇదే జబ్బున్న 45 ఏళ్ల వ్యక్తికి 256 ఎలక్ట్రోడ్లు అమర్చి, 97 శాతం వరకు సరైన ఫలితం సాధించారు. ఆయన జబ్బు పడకముందు రికార్డు చేసిన మాటల ఆధారంగా యంత్రానికి ఆయన గొంతునే ఇచ్చారు.

ఎవరికి ఏది పనికొస్తుంది?

ఇంతవరకు చెప్పినదానిని రోగుల వైపు నుంచి చూద్దాం.

స్వరపేటిక తీసేసినవారిలో నాలుక, పెదవుల నరాలు బాగుంటాయి. ముఖం నుంచి సంకేతాలు అందుకునే పరికరాల వల్ల వీరికి మేలు జరిగే అవకాశం ఉంది. మాట ముద్దగా వచ్చేవారికి, గొంతు బలహీనమైనవారికి కూడా అంతే.

ఎ.ఎల్.ఎస్. రోగులకు తొలిదశలో ముఖం మీది సంకేతాలు ఉపయోగపడవచ్చు. జబ్బు ముదిరి నరాలు ఎండిపోయే కొద్దీ అవి కూడా తగ్గిపోతాయి. అప్పుడు కనుచూపుతో నడిచే కంప్యూటరో, మెదడు నుంచి అందుకునే పద్ధతో కావాలి.

పక్షవాతం వల్ల అఫేసియా వచ్చినవారి సంగతి వేరు. వారిలో మాట తయారయ్యే చోటే దెబ్బతింది. దవడకు రావలసిన మాటే సరిగా తయారు కానప్పుడు అక్కడ వెతికి లాభం లేదు. వారికి ప్రధానమైన వైద్యం స్పీచ్ థెరపీ. పరికరం వార్త చూసి థెరపీ మానేయకండి.

మన భాష సంగతి కూడా ఉంది. ఆంగ్లంలో 20 మాటలు నేర్పడం ఒక ఎత్తు, తెలుగు నేర్పడం మరో ఎత్తు. మనం ఒక్క "రావడం" అన్న మాటనే "వస్తాను, వచ్చాడు, రాలేదు, రావద్దు, వస్తుందట" అని ఎన్నో రూపాలుగా మారుస్తాం. "రండి" అనడానికి, "రా" అనడానికి మధ్య మర్యాదలోనే తేడా ఉంది. తాత నోట మనవడితో "రండి" అనిపించే యంత్రం ఆ ఇంట్లో నవ్వులపాలవుతుంది. తెలుగు రోగులకు ఇది అందాలంటే తెలుగువారి గొంతులతో, తెలుగువారి ముఖాల మీద పనిచేసే విద్యార్థులు ముందుకు రావాలి. మన ఎండలూ లెక్కలోకి రావాలి. చెమట పట్టిన చర్మం మీద ఇ.సి.జి. లీడ్లు ఎలా ఊడివస్తాయో ప్రతి నర్సుకూ తెలుసు.

యంత్రం వచ్చేదాకా ఆగనక్కరలేదు

ప్రసిద్ధ శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1985లో న్యుమోనియా వచ్చి, మెడకు ట్యూబు వేయడంతో మాట పూర్తిగా పోయింది. కంప్యూటరు రాకముందు ఆయన మాట్లాడిన పద్ధతి ఏమిటో తెలుసా? ఎవరో ఒకరు అక్షరాల అట్ట పట్టుకుని వేలితో చూపిస్తుంటే, కావలసిన అక్షరం రాగానే ఆయన కనుబొమ్మ ఎత్తేవారు. తరువాత ఎంతో ఆధునికమైన కంప్యూటరు వచ్చినా, దానిని ఆయన చివరి సంవత్సరాలలో నడిపింది చెంపలోని ఒక్క కండరంతోనే. మిగిలిన ఒక్క కదలికను కనిపెట్టి వాడుకోవడమే దీనిలోని సూత్రం. ఇది మన ఇంట్లోనూ చేయవచ్చు.

1. ముందుగా "అవును", "కాదు" కుదుర్చుకోండి. రోగి తన ఇష్టంతో చేయగల కదలిక ఏదో చూడండి. కనురెప్ప, కనుబొమ్మ, వేలు, నాలుక, ఏదైనా సరే. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. తరువాత జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు అడిగి సరిచూడండి. "నీ పేరు ఇదేనా?", "ఇది మన ఇల్లేనా?" అన్నట్టు. కుదిరిన గుర్తును కాగితం మీద రాసి మంచం తల దగ్గర అంటించండి. రాత్రి డ్యూటీ సిస్టరుకు, చూడవచ్చిన చుట్టాలకు కూడా తెలియాలి.

2. కళ్లజోడు, వినికిడి యంత్రం వాడే అలవాటుంటే ముందు అవి పెట్టండి. చూపు, వినికిడి సరిగా లేక జవాబు ఇవ్వని వారిని తెలివి లేదనుకోవడం అన్యాయం.

3. ఒకసారి ఒక్క ప్రశ్నే అడగండి. "నీళ్లు కావాలా, పాలు కావాలా, పక్కకు తిప్పమంటావా?" అని ఒకే ఊపిరిలో అడిగితే ఒక్క కనురెప్పతో జవాబు ఎలా చెప్పగలరు? అడిగాక కనీసం పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి.

4. బొమ్మల అట్ట తయారుచేయండి. కొత్త చొక్కా డబ్బాలో వచ్చే అట్ట చాలు. దాని మీద బొమ్మతో పాటు పెద్ద అక్షరాలతో ఇవి రాయండి: నొప్పి, దాహం, ఆకలి, ఊపిరి ఆడడం లేదు, కఫం తీయండి, పక్కకు తిప్పండి, మూత్రం, విరేచనం, చలి, ఉక్క, లైటు, భయంగా ఉంది, డాక్టరును పిలవండి, ఇంట్లోవాళ్లను పిలవండి. చివరలో రెండు గడులు తప్పకుండా ఉంచండి. ఒకటి, "మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు". రెండవది, "నేను చెప్పాలనుకున్నది ఇందులో లేదు". ఈ రెండూ లేని అట్ట రోగి నోటిని మళ్లీ కట్టేస్తుంది.

5. చదువుకున్న రోగికి అక్షరాల పట్టిక ఇవ్వండి. మన అక్షరమాల దీనికి చాలా అనువైనది, ఎందుకంటే అది ముందే వరుసలుగా ఉంది. మొదట "అచ్చా? హల్లా?" అని అడగండి. హల్లు అయితే "క వరుసా? చ వరుసా? ట వరుసా? త వరుసా? ప వరుసా? య వరుసా?" అని ఆగి ఆగి అడగండి. త వరుస దగ్గర రెప్ప వాల్చితే "త, థ, ద, ధ, న" అని చదవండి. 'న' దగ్గర ఆపితే గుణింతం చెప్పండి, "న, నా, ని, నీ". 'నీ' దగ్గర మళ్లీ రెప్ప వాల్చారు. "నీళ్లా?" అని అడగండి. చాలాసార్లు మొదటి ఒకటి రెండు అక్షరాలతోనే మాట తెలిసిపోతుంది. అఫేసియా ఉన్నవారికి అక్షరాలు కష్టం కావచ్చు. వారికి బొమ్మల అట్టే మేలు.

6. మాట పోయే జబ్బు అని ముందే తెలిసినవారు, అంటే ఎ.ఎల్.ఎస్. రోగులు, స్వరపేటిక ఆపరేషన్‌కు వెళ్లేవారు, మాట బాగున్నప్పుడే సెల్‌ఫోనులో తమ గొంతు రికార్డు చేసుకోవాలి. పిల్లల పేర్లు పిలవడం, రోజూ అనే మాటలు, చెప్పే కథలు, ఏవైనా. రేపు ఏదైనా యంత్రం మాట్లాడితే అది వారి గొంతుతోనే మాట్లాడే వీలుంటుంది.

సెల్‌ఫోను, ట్యాబ్ ఉన్నవారికి బొమ్మ నొక్కితే మాట పలికే అప్లికేషన్లు ఉన్నాయి. చెన్నైలో రూపొందిన 'ఆవాజ్' వాటిలో ఒకటి. మాట రాని పిల్లలు ఎందరో దీనిని వాడుతున్నారు. ఏది సరిపోతుందో స్పీచ్ థెరపిస్టును అడిగి నిర్ణయించుకోండి.

ఇవి మరచిపోవద్దు

ఉన్నట్టుండి మాట తడబడినా, ఆగినా, మూతి ఒకవైపు వంకర పోయినా, చెయ్యి పడిపోయినా అది అత్యవసర పరిస్థితి. ఏ సమయానికి మొదలైందో గుర్తుపెట్టుకుని వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వవలసినవారికి నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. నాటుమందులు, పసర్లు అంటూ ఆ గంటలను పోగొట్టుకోవద్దు. మింగడం ఎలా ఉందో పరీక్షించేవరకు నీళ్లు గాని, మాత్రలు గాని నోట్లో పోయకూడదు. అవి ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చు.

స్పీచ్ థెరపీ కోసం జిల్లాలోని పెద్ద ఆస్పత్రిలో విచారించండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. స్వరపేటిక తీసేయడం వల్ల గాని, అఫేసియా వల్ల గాని వచ్చే శాశ్వత వాక్, భాషా వైకల్యం వాటిలో ఒకటి. కాళ్లు చేతులు బాగుంటే సర్టిఫికెట్టు రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మీ డాక్టరుతో మాట్లాడి దరఖాస్తు చేసుకోండి.

మా నర్సింగ్ విద్యార్థినులకు నేను చెప్పే మాట ఒకటుంది. రోగి నోరు తెరవలేకపోతే మీరు నోరు మూసుకుని పనిచేయకండి. "తాతగారూ, ఇప్పుడు పక్కకు తిప్పుతున్నాను, ఇంజెక్షన్ చేస్తున్నాను" అని చెప్పి చేయండి. సమ్మతి అడగవలసి వచ్చినప్పుడు మొదట ఆయన కళ్లలోకి చూసి అడగండి, తరువాతే ఆయన కొడుకును. పానిపట్ విద్యార్థికి అప్పటికి 16 ఏళ్లే. మీకూ దాదాపు అదే వయసు. మీరు యంత్రం చేయలేకపోవచ్చు గాని, ఒక అట్టముక్క, ఒక స్కెచ్ పెన్, పది నిమిషాల ఓపిక మీ దగ్గర ఉన్నాయి.

పాఠకులకు కూడా నా మనవి ఇదే. మీ ఇంట్లో, మీ వీధిలో మాట పోయినవారు ఎవరైనా ఉంటే ఈ వారం వెళ్లి వారి పక్కన కూర్చోండి. వారి గురించి ఇతరులను అడగకండి, వారినే అడగండి. "అవునా, కాదా" అన్న రెండు గుర్తులు కుదిరితే చాలు, మూసుకుపోయిన తలుపు కొంత తెరుచుకుంటుంది. మిగిలిన తలుపులు తెరిచే పనిలో ఎక్కడెక్కడో విద్యార్థులు కష్టపడుతూనే ఉన్నారు.